ఏడో ఇంటి బట్ట

పిల్లి చచ్చిపోయిన సంగతి కిష్టయ్య సారు నవ్వుతూనే చెప్పాడు.

సారు కామారెడ్డిలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆ శనివారం పొద్దున, తన కుర్చీల పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని దేవన్న సోఫా దుకాణానికి నడిచి వచ్చాడు. దుకాణం ముందు రేకుల నీడన సలోమి పీట వేసుకుని, కుర్చీ చట్రాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని నవారు అల్లుతున్నది. వారం పైగా ఆమె అరచేతులు మండుతున్నాయి. వార్నిష్ పడలేదేమో అనుకుని, కొబ్బరినూనె రాసుకుని పని సాగిస్తున్నది.

కుర్చీలు ఆరు. నిజాంసాగర్ కట్టిన కాలపు ఇంజనీరు ఒకాయన బంగళా ఖాళీ చేసి పోతూ సామాన్లు హర్రాజు పెడితే సారు తండ్రి కొన్నవి. ఆవిరి పట్టి వంచిన కట్టె. వీపు ఆనేచోటు నుంచి వెనక కాళ్ల దాకా ఒకటే ముక్క, ఎక్కడా మూల అన్నది లేదు. కూర్చునే చోట దళసరి ఉన్ని బట్ట. సలోమి తన నలభై ఆరేళ్ల బతుకులో అలాంటి బట్ట చూడలేదు. అద్దకం కాదు, కుట్టుపువ్వు కాదు, నేతలోనే పువ్వు. ఆకుపచ్చ తీగలు, పందిరి దొరకని గుమ్మడి తీగల్లా గాలిలో వంకరలు పోయి, చివరికి ఒక కలువ మొగ్గను చుట్టుకుని ఆగేవి. బట్ట తిరగేస్తే అదే తీగ, అదే మొగ్గ. రంగులు మాత్రం తారుమారు.

"దీన్ని ఆర్ట్ నువో అంటరు," అని పని అప్పగించిన రోజే సారు పాఠం చెప్పాడు. "నూరేండ్ల కింద ఫ్రాన్సు దిక్కు మొదలైంది. కుర్సీ అయినా, దర్వాజా అయినా, బట్ట అయినా గీత అన్నది తీగె లెక్క వంగాలె అన్నరు వాళ్లు. తర్వాత ఇరవై ఏండ్లు తిరగకముందే ఇంకొకలు వచ్చి, ఈ పువ్వులన్ని ఎందుకు, ఇనుప పైపు వంచి కుర్సీ చేద్దాం, దాని మీద చారల బట్టనో పట్టీల అల్లికనో ఎక్కిద్దాం, నేత నేత లెక్కనే కనవడాలె అన్నరు. నాకు ఆ రెండోది కావాలె. నవారు పట్టీతోని గళ్లు పడేటట్టు అల్లు."

"మంచం అల్లినట్టే గద సార్. దానికి గంత కత ఎందుకు?"

"గదే మోడర్న్ అంటె," అని సారు పకపకా నవ్వాడు.

ఇవాళ కూడా అదే నవ్వు. అల్లిక మీద వేలితో తట్టి చూసి, బిగువు బాగుందని మెచ్చుకున్నాడు. సలోమి అడిగింది, "సార్, మల్ల నల్లులు పట్టకుండ కట్టెకు కిరసనాయిలు రాయన్నా?"

"నల్లులా! ఆ నల్లుల తోటి నేను పడ్డ తిప్పలు పగోనికి గూడ వద్దు. మొన్న వానకాలం తట్టుకోలేక, మా తమ్ముడు పత్తిచేనుకు తెచ్చిన పొడి మందు ఒక డబ్బా ఉంటె, బట్ట అంచు లేపి లోపలికి పోసిన. ఆరు కుర్సీలల్ల పోసిన. నల్లులు పోయినయ్. నల్లులతో పాటు మా ఆవిడ పిల్లి గూడ పోయింది!" సారు భుజాలు ఊగేలా నవ్వాడు. "ఆ కుర్సీ మీదనే పండేది మహారాణి. మూడో దినం కాళ్లు కొట్టుకుని నురగ కక్కింది. మా ఆవిడ నాతోని పది దినాలు మాట్లాడలే. మీరు బట్ట ఊడదీసినప్పుడు సూసుకునే ఉంటరు గదా? తెల్లగ, పిండి లెక్క ఉంటది."

సలోమి చెయ్యి నవారు మీద ఆగిపోయింది.

తెల్లటి పిండి ఆమె చూసింది. తీగల బట్ట మేకులు పీకి దులిపినప్పుడు పొగలా లేచింది. ఆమె తల్లి ఈరవ్వ మగ్గం మీద బతికిన మనిషి. చిన్నప్పుడు సలోమి తల్లితో కలిసి పడుగుకు గంజి పట్టించేది. ఏళ్ల తరబడి మడతలో పడి ఉన్న బట్టను విప్పితే గంజి ఎండి ఎలా పొట్టు రాలుతుందో, దాని వాసన ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అందుకే, 'ఎంత గంజి పెట్టిన్రో తెల్లోళ్లు, నూరేండ్లయినా పోలే' అనుకున్నది. తడిపితే రంగు కారుతుందేమోనని ఉతకలేదు. రెండుసార్లు దులిపి, ఎండలో వేసింది.

ఆరు బట్టల్లో అయిదు చీకిపోయి ఉంటే చెత్తబండిలో వేశారు. మంచిగున్న ఆరోది సలోమి అడిగి తీసుకుంది. తీసుకుని గోమ్లికి ఇచ్చింది.

"ఏమైంది సలోమమ్మా?" అన్నాడు సారు.

"ఏం లే సార్." సలోమి నవారు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

---

గోమ్లిది లింగంపేట దాటి ఎల్లారెడ్డి పోయే దారిలో ఒక తండా. పెళ్లయిన కొత్తలో సలోమి లింగంపేటలో ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని పన్నెండేళ్లు బీడీలు చుట్టారు. ఒకరి చాటలో ఆకు అయిపోతే ఇంకొకరి చాటలోంచి తీసుకునేవారు. సలోమి కామారెడ్డికి వచ్చేసినా, గోమ్లి పట్నం వచ్చిందంటే దుకాణం దగ్గర ఆగి చాయ్ తాగకుండా పోదు.

వారం కింద వచ్చినప్పుడు గోమ్లి చేతిలో గుడ్డసంచి ఉంది. కోడలు గంగకు ఆడపిల్ల పుట్టి అప్పటికి మూడు రోజులు. అంతకుముందు గంగకు ఇద్దరు పుట్టి, పురుడు తీరకముందే పోయారు. కొడుకు గోవింద్ బొంబాయిలో కూలిపనిలో ఉన్నాడు.

"పుట్టినోళ్లు నిలవకపోతె ఏడిండ్లు తిరిగి పాతబట్ట అడుక్కురావాలె సెల్లె," అని చెప్పింది గోమ్లి. "ఏడు బట్టలు కలిపి బొంత కుట్టి పోరిని దాని మీద పండవెట్టాలె. అడుక్కున్న బట్ట మీద పెరిగిన పిల్ల జోలికి చావు రాదంట. ఆరిండ్లు తిరిగిన. ఏడో ఇల్లు నీదే. లేదనకు."

సలోమి ఆమెను ఇంటికి తీసుకుపోయి తన పాత చీర ఇవ్వబోయింది. అప్పుడు దండెం మీద ఎండకు వేసిన తీగల బట్ట కనిపించింది. తన చీరలన్నీ చీకినవే, ఆ బట్ట మాత్రం ఇంకో నూరేళ్లు నిలిచేలా ఉంది. నూరేళ్లు నిలిచిన బట్ట, పిల్లకు మంచిదే కదా అనిపించింది. గోమ్లి దాన్ని చూసి చెంపకు ఆనించుకుంది. "అబ్బ! రాజుల ఇంటి బట్ట లెక్కున్నది. గిది మీదికి వచ్చేటట్టు కుడత. పోరి ముఖం కాడ."

పోరి ముఖం కాడ.

సారు వెళ్లిపోగానే సలోమి లేచి గోమ్లికి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పద్దెనిమిది రోజులైంది. బొగ్గు లేక కరెంటు పూటకొకసారి పోతున్నది. తండాలో ఫోన్లకు చార్జింగ్ ఎక్కడిది? బస్సులు డిపో దాటి రావడం లేదు. బడులు మూసేశారు. నలభై కిలోమీటర్ల అవతల ఒక పసిపిల్ల ఆ బట్ట మీద ముక్కు పెట్టి ఊపిరి పీలుస్తున్నది.

లోపల స్పాంజి కోస్తున్న దేవన్న దగ్గరికి వెళ్లి, "నీ టీవీయస్ తియ్యి. గోమ్లి తండాకు పోవాలె," అన్నది.

"ఏంది వదినె, గిప్పుడా? పెట్రోలు ఎంత పిరమైందో ఎరికేనా?" సలోమి భర్త యాకూబుతో దోస్తీ కొద్దీ దేవన్న ఆమెను వదినె అంటాడు. తలెత్తి ఆమె ముఖం చూసి, కత్తి కింద పెట్టాడు. "ఏమైంది?"

ఆమె చెప్పింది. దేవన్న ఇంకో మాట అడగకుండా బండి తాళం తీసుకున్నాడు.

---

తాడ్వాయి దగ్గర రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు. వాటి వెనక పొయ్యిలు పెట్టి నడిరోడ్డు మీద వంటలు. వంటావార్పు. పెద్ద గంజు గిన్నెలో పప్పు ఉడుకుతున్నది. ఓ పక్కన ఆడవాళ్లు బతుకమ్మ పాట ఎత్తుకున్నారు.

"ఆగు ఆగు! సమ్మె అని తెల్వదానే అన్న?" కండువా కప్పుకున్న ఒకాయన హ్యాండిల్ పట్టుకున్నాడు. "అరె, దేవన్నా! కుర్సీల దేవన్న! ఇంత లొల్లి ఆ కుర్సీల మీది కెల్లే గద నాయినా. నువ్వు చేసుడు బంద్ వెట్టు, వాళ్లే దిగుతరు!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. "రా, బువ్వ తిని పో," అని ఇంకొకడు విస్తరి చూపించాడు.

"తర్వాత తింట తమ్మీ. అర్జెంటు పని."

"గంత అర్జెంటు ఏంది? ఏమక్కా, ఏడికి?"

సలోమి నోరు తెరిచింది. 'పసిపిల్లకు విషం ఇచ్చిన, తీస్కరానికి పోతున్న' అనబోయి ఆగింది. అన్ని కళ్లు తన మీదే ఉన్నాయి. "సుట్టాల పిల్లకు బాగలేదు," అన్నది నేల చూస్తూ. కండువా ఆయన నవ్వు ఆపి, తనే వంగి ఒక బండ పక్కకు దొర్లించాడు.

అక్కణ్నుంచి దారి పొడుగునా ఆమె లెక్కవేస్తూనే ఉంది. బొంత కుట్టడానికి రెండు రోజులు వేసుకున్నా, పిల్ల దాని మీద పడుకోబట్టి అయిదు రోజులు. పిల్లికి మూడే రోజులు పట్టింది. పిల్లి పెద్దదా, పది రోజుల పిల్ల పెద్దదా? ఆ ఆలోచన రాగానే దేవన్న చొక్కా గట్టిగా పట్టుకుంది. 'యేసయ్యా, కుట్టక ముందే గోమ్లికి జరం రావాలె. సూది విరగాలె. దారం దొరకకపోవాలె' అని ప్రార్థించింది. ఇంకో మనిషికి జ్వరం రమ్మని ప్రార్థిస్తున్నానన్న సిగ్గు కూడా ఆమెకు లేదు.

ఇంకో భయం దాని వెనకే వచ్చింది. పిల్లకు ఏమైనా అయి ఉంటే? తండా అంతా అడుగుతుంది: ఏడు బట్టల్లో ఏ బట్ట? ఏ ఇంటిది? ఎందుకిచ్చింది? కావాలనే ఇచ్చిందా? ఊళ్లలో ఇలాంటి మాట ఒకటి పుడితే ఎక్కడిదాకా పోతుందో ఆమె లింగంపేటలో ఉన్నప్పుడు ఒకసారి చూసింది. బాణామతి చేసిందని ఒక ముసలామెను స్తంభానికి కట్టేసి అడిగారు. ఆ ముసలామె చేసిందల్లా పిల్లకు బెల్లం ముక్క పెట్టడమే.

---

తండాలో గోమ్లి ఇంటి తలుపుకు వేపమండలు కట్టి ఉన్నాయి.

అవి చూడగానే సలోమి అక్కడే ఆగిపోయింది. గోమ్లి బయటికి వచ్చింది. ముఖంలో నిద్ర లేదు. అయినా సలోమిని చూసి నవ్వింది.

"గింత దూరం వచ్చినవా సెల్లె! లోపలికి రాకు, గడప కాన్నే ఆగు. పోరికి అమ్మ పోసింది."

"అమ్మనా?"

"రెండు దినాలాయె. ఒళ్లంత ఎర్రగ లేసింది. ముఖం మీద శానా. పాలు తాగుతలేదు, తాగినా కక్కుతున్నది. ఏం జేస్తం, తల్లి వచ్చింది, మూడు దినాలుండి పోతది. స్నానం పోస్తలేం. బొంత మీదికెల్లి కదుపుతలేం. బొంత కింద వేపాకు పరిసిన."

అమ్మవారు పోస్తే పిల్లకు నీళ్లు తగలనివ్వరు, పడుకున్న చోటు మార్చరు, దవాఖానకు తీసుకుపోరు. రెండు రోజులుగా పిల్ల ఒంటి మీది పొడి ఒంటి మీదే ఉంది. పిల్ల ఆ బట్ట మీదే ఉంది.

ఇప్పుడు చెప్పాలి. సలోమికి తెలుసు. వెనక దేవన్న బండి స్టాండు వేసి, గొంతు సవరించుకుంటున్నాడు. పక్కింటి గుమ్మంలోంచి ఇద్దరు ఆడవాళ్లు తొంగి చూస్తున్నారు.

"గోమ్లక్కా, ఆ బట్ట... ఆ తీగెల బట్ట వాపసు కావాలె," అన్నది. "సారు అడుగుతున్నడు. పాతకాలం బట్టంట, ఏదో ఎగ్జిబిషన్‌ల పెడుతరంట. నాకు తెల్వక ఇచ్చిన."

గోమ్లి ముందు ఆటపట్టిస్తున్నదనుకుంది. "సారుకు నా గాగ్రా ఇయ్యనా ఎగ్జిబిషన్‌కు? మస్తు అద్దాలున్నయ్."

"నిజంగనే అక్కా. ఇప్పుడే కావాలె. ఇంకో బట్ట ఇస్త. పది ఇస్త."

గోమ్లి నవ్వు మాయమైంది. "ఇచ్చిన బట్ట వాపసా? అడుక్కొచ్చిన పాణం అది. ఏడిండ్లల్ల ఒకిల్లు తగ్గితే బొంతేమైతది? తల్లి ఇంట్ల ఉన్నప్పుడు సూది వట్టి బొంత ఇప్పుమంటవా? నీకు ఆ సారు ఎక్కువైండా, నా మనుమరాలు ఎక్కువైందా?"

"అక్కా, మాట విను..."

"వినేదేం లేదు. మీ సారును రమ్మను. నేను మాట్లాడుత."

దేవన్న మెల్లగా అన్నాడు, "అసలు సంగతి చెప్పు వదినె."

సలోమి చెప్పలేకపోయింది. పక్కింటి గుమ్మంలో ఇద్దరు నలుగురయ్యారు. ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకు తెలియదు. బహుశా ఒక నిమిషం. ఆ నిమిషానికి ఆమె తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు.

లోపల్నుంచి గంగ గొంతు వినిపించింది. సన్నగా, అలసిపోయి. "అత్తా, మల్ల గుంజుతున్నది. సెయ్యి గుంజుతున్నది."

పిల్లి కాళ్లు కొట్టుకుంది అన్నాడు సారు.

"విషం!" అని అరిచింది సలోమి. "ఆ బట్టకు విషం ఉన్నది గోమ్లక్కా! పత్తికి కొట్టే మందు పోసిండంట సారు. నాకియ్యాల్నే తెలిసింది. గంజి అనుకున్న నేను, తెల్లగుంటె గంజి అనుకున్న! ఆ బట్ట మీద పండిన పిల్లి సచ్చింది. పోరిని తియ్యి. ముందుగాల పోరిని దాని మీదికెల్లి తియ్యి!"

గోమ్లి కదల్లేదు. "ఎగ్జిబిషన్ అంటివి," అన్నది.

"అబద్ధం చెప్పిన. భయమై చెప్పిన."

తలుపు తెరుచుకుంది. గంగ పిల్లను ఉత్త చేతుల మీద ఎత్తుకుని గడపలోకి వచ్చింది. బాలింత, ఇరవై రెండేళ్ల పిల్ల, తలకు గుడ్డ కట్టుకుని ఉంది. పసిదాని ఒక చెంప, మెడ, ఒక భుజం ఎర్రగా కమిలి ఉన్నాయి. కళ్లు మూసుకుని ఉన్నాయి. కుడిచెయ్యి ఉండుండి ఉలిక్కిపడ్డట్టు ఎగురుతున్నది.

"నీ సేతులు సూపియ్యి చిన్నత్తా," అన్నది గంగ.

సలోమి అరచేతులు చాపింది. గంగ ఆ చేతుల వంక చూసింది, పిల్ల చెంప వంక చూసింది. రెండింటిదీ ఒకటే ఎరుపు. అమ్మవారి పొక్కుల్లా విడివిడిగా లేదు, కాలినట్టు పరుచుకుని ఉంది.

"ఇది అమ్మ గాదు అత్తా."

"గంగా, తొందరపడకు. నీళ్లు తగిలితె తల్లి కోపానికొస్తది..."

"ఇద్దర్ని నువ్వు చెప్పినట్టే చూసుకున్న. ఇద్దర్ని మట్టిల పెట్టిన. గీమెను నేను కడుగుత." గంగ గొంతు పెంచలేదు. "నీళ్లు కాగినయా లేదా చెప్పు."

గోమ్లి తలుపుకున్న వేపమండల వంక చూసింది. చేతులు జోడించి తమ లంబాడీ మాటలో ఏదో అనుకుంది. తర్వాత పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

వాకిట్లో రాయి మీద గంగ కాళ్లు చాపుకుని కూర్చుంది. గోరువెచ్చని నీళ్లు, ఎర్రసబ్బు. ఒకసారి కాదు, మూడుసార్లు రుద్ది కడిగింది. చెవుల వెనక, మెడ మడతల్లో, పిడికిళ్లు విప్పి వేళ్ల సందుల్లో. సలోమి చెంబు అందించబోతే, "నువ్వు ముట్టకు," అన్నది. సలోమి చేతులు వెనక్కి పెట్టుకుంది. నీళ్లు పోస్తుంటే పుట్టిన ఏ పిల్లైనా కేరుమంటుంది. ఈ పిల్ల ఏడవలేదు. తండా అంతా వాకిట్లో నిలబడి, ఏడుస్తుందేమోనని చెవి ఒగ్గింది.

గంగ పిల్లను గోవింద్ లుంగీలో చుట్టి, ఎండలో దేవన్న బండి వెనక కూర్చుంది. బండి ఎల్లారెడ్డి దవాఖాన దారి పట్టింది.

---

సలోమి, గోమ్లి నడిచి బయల్దేరారు. ఆరు కిలోమీటర్లు. ఆటోలు లేవు. రోడ్డు పక్కన తంగేడు విరగబూసి ఉంది. సద్దుల బతుకమ్మ దగ్గరికొచ్చింది. గోమ్లి పది అడుగులు ముందు నడుస్తున్నది. పన్నెండేళ్లు ఒకే అరుగు మీద, మాట ఆపకుండా బీడీలు చుట్టిన మనిషి. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. సలోమి అడుగు పెంచితే ఆమె కూడా పెంచింది. సలోమి తగ్గిస్తే ఆమె కూడా తగ్గించింది.

సగం దారిలో దేవన్న నుంచి ఫోన్ వచ్చింది. గోమ్లి అక్కడే ఆగిపోయింది, వెనక్కి తిరగకుండానే.

"డాక్టరు సమ్మెల ఉండి గూడ వచ్చిండు వదినె. మందు పేరు అడిగిండు. సారుకు ఫోన్ కొట్టి డబ్బా మీద ఉన్నదంత చదివిపిచ్చిన. సూది ఇచ్చిండు, గ్లూకోజ్ పెట్టిండు. ఇంకో దినం ఆగితె నా తోని కాకపోవు అన్నడు."

"బతుకుతదన్నడా?"

"గదైతె అనలే. రాత్రి గడవాలె అన్నడు. పొద్దుమూకె వరకు పాలు నోట వడితె కొంచెం నయమన్నడు. సారు ఏడుస్తున్నడు వదినె, ఫోన్ల."

సలోమి ఆ మాటలు గోమ్లి వీపుకు చెప్పింది. గోమ్లి తల ఊపి మళ్లీ నడిచింది.

దవాఖాన వరండాలో బల్ల ఒకటే ఉంది. గోమ్లి దాని మీద కూర్చుంది. సలోమి నేల మీద, గోడకు ఆనుకుని కూర్చుంది. లోపలికి ఒక్కరినే రానిస్తున్నారు. తలుపు మీది అద్దంలోంచి చూస్తే గంగ భుజం, గ్లూకోజ్ సీసా కనిపిస్తాయి. పిల్ల కనపడదు. నర్సు బయటికి వచ్చినప్పుడల్లా సలోమి తల ఎత్తి చూసేది. నర్సు నీళ్లకు వచ్చేది. మందులకు వచ్చేది. ఒకసారి ఊరికే వచ్చి బయట నిలబడి గాలి పీల్చుకుని పోయింది.

కరెంటు పోయింది. వచ్చింది. మళ్లీ పోయింది.

"బొంతను యూరియా సంచిల మూటగట్టి కంచె మీద ఏసి వచ్చిన," అన్నది గోమ్లి హఠాత్తుగా. తండా దాటిన తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. "ఏం జెయ్యాలె దాన్ని?"

"కాల్చొద్దు అక్కా, పొగ గూడ విషమే. బాయికి దూరంగ గుంత తవ్వి పూడ్సాలె."

"ఏడిండ్ల బట్ట." గోమ్లి చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఆరు మంచియే ఉండె."

ఎండ వరండా మెట్లు దిగి, గేటు దాకా పోయి, అక్కణ్నుంచి రోడ్డు మీదికి పోయింది. పొద్దుమూకుతున్నదని ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు. దేవన్న చాయ్ తెచ్చాడు. రెండు గ్లాసులూ చల్లారి మీగడ కట్టాయి.

తలుపు తోసుకుని గంగ బయటికి వచ్చింది. గోమ్లి లేచి నిలబడింది. సలోమి గోడ పట్టుకుని లేచింది.

"తాగింది," అన్నది గంగ. "రెండు గుక్కలు."

"కక్కిందా?" గోమ్లి అడిగింది.

"ఇంకా కక్కలే." గంగ చెంపల మీద కన్నీళ్లు ఎండి చారలు కట్టి ఉన్నాయి. "సెయ్యి గుంజుడు తగ్గింది. పూర్తిగ పోలే. డాక్టరు పొద్దుగాల దాక చెప్పలేనన్నడు. లుంగీ తడిసింది. ఆరిన బట్ట ఏమన్న ఉన్నదా?"

సలోమి చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది. ఉతికి కట్టుకున్న నూలు చీర, మెత్తనిది. అంచు పళ్ల మధ్య పెట్టి చింపబోయింది.

"వద్దు," అన్నది గంగ.

"ఉతికిందే బిడ్డా. పొద్దుగాలే కట్టుకున్న..."

"నీ బట్ట వద్దు."

ఆ మాటలో కోపం లేదు. ఎత్తిపొడుపూ లేదు. చంటిపిల్ల తల్లి వేడి గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టినట్టు చెప్పింది, అంతే. సలోమి కొంగు వదిలేసింది. లోపల్నుంచి నర్సు, దవాఖాన పచ్చ దుప్పటి ఒకటి తెచ్చి గంగ చేతిలో పెట్టింది. గంగ దాన్ని విప్పి, దులిపి, వాసన చూసి, రెండువైపులా తిప్పి చూసి, లోపలికి తీసుకుపోయింది.

గేటు దగ్గర దేవన్న బండి తిప్పి నిలబెట్టాడు. "చీకటి పడకముందు పోదామా వదినె? మల్ల దార్ల ఆపుతరు."

సలోమి గోమ్లి వంక చూసింది. ఉండమంటుందని ఆశ, పొమ్మంటుందని భయం. ఉండమన్నా భయమే, పొమ్మన్నా భయమే.

"నువ్వు పోకు," అన్నది గోమ్లి. "పోరికి ఏమన్నయితె నువ్వు ఈడుండాలె. ఏం కాకపోయినా ఈన్నే ఉండాలె."

సలోమి మళ్లీ నేల మీద కూర్చుంది. కాసేపటికి గోమ్లి బల్ల మీద కొంచెం జరిగింది. పక్కన చోటయింది. కానీ రమ్మని అనలేదు. సలోమి లేవలేదు. ఇద్దరూ తలుపు అద్దం వంక చూస్తూ, మూడో గుక్క కోసం కూర్చున్నారు.